డిమెన్షియా ఉన్నవారికి సుగంధ తైలాలు: ఇంట్లో జాగ్రత్తగా వాడే పద్ధతి

"సాయంత్రమయ్యేసరికి అమ్మకు గాభరా మొదలవుతోంది. లావెండర్ ఆయిల్ పెట్టమంటున్నారు. ఎన్ని చుక్కలు వేయాలి?" చాలామంది నన్ను ఈ ప్రశ్నే అడుగుతున్నారు. చుక్కల లెక్క రెండు వాక్యాల్లో చెప్పేయొచ్చు. కానీ అంతటితో ఆగిపోతే మేలు కంటే కీడే ఎక్కువ జరగొచ్చు. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరసలో మొదటి నుంచి రాస్తున్నాను. మా అమ్మను చూసుకున్న ఏళ్లలో నేను చేసిన పొరపాట్లు కూడా ఇందులో ఉన్నాయి.

ఒక మాట ముందే చెప్పాలి. సుగంధ తైలం డిమెన్షియాను తగ్గించదు, పోయిన జ్ఞాపకాలను తిరిగి తీసుకురాదు. 2002లో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో, జబ్బు బాగా ముదిరిన 72 మందిని చూశారు. వారిలో మెలిస్సా (నిమ్మ వాసన వచ్చే ఒక మొక్క) తైలం కలిపిన లేపనం రాసినవాళ్ల గాభరా చక్కగా తగ్గింది. 2011లో మరో బృందం అదే మెలిస్సాను ఇంకా కట్టుదిట్టంగా పరీక్షించింది. ఈసారి తైలం ఉన్న లేపనం రాసినవాళ్లూ, తైలం లేనిది రాసినవాళ్లూ ఇంచుమించు ఒకేలా కుదుటపడ్డారు. 2020లో, వైద్య పరిశోధనలను కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ సమీక్ష 13 అధ్యయనాలను, 708 మంది వివరాలను కలిపి చూసి, ఇది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదని తేల్చింది.

నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను. ఆ 2011 అధ్యయనంలో ఏ గుంపు వాళ్లకైనా రోజూ ఎవరో ఒకరు దగ్గర కూర్చుని లేపనం రాశారు. మనం ఇచ్చే వాటిలో ముఖ్యమైనది ఆ చేతి స్పర్శే. "ఇప్పుడు నెమ్మదించే వేళ" అని గుర్తు చేయడం వరకే వాసన పని. కింద చెప్పే పద్ధతంతా ఈ ఆలోచన మీదే నడుస్తుంది.

## 1. నూనె సీసా తీసే ముందు కారణం వెతకండి

డిమెన్షియా ఉన్నవారు చాలామంది తమ బాధను మాటల్లో చెప్పలేరు. గాభరా, తిట్లు, అటూ ఇటూ తిరగడం, బట్టలు లాగడం: ఇవన్నీ చాలాసార్లు చెప్పలేని బాధకు బయటి రూపాలు. ముందు ఇవి చూడండి:

- ఎక్కడైనా నొప్పి ఉందా? పళ్లు, కీళ్లు, నడుము, పాదాలు తాకి చూడండి.
- మూత్రం రంగు, వాసన మారాయా? పోసేటప్పుడు ముఖం చిట్లిస్తున్నారా?
- మలవిసర్జన అయి ఎన్ని రోజులైంది?
- నీళ్లు సరిగ్గా తాగుతున్నారా?
- బాత్రూంకి వెళ్లాలనిపించి చెప్పలేకపోతున్నారా?
- కళ్లద్దాలు, వినికిడి యంత్రం పెట్టుకున్నారా? యంత్రంలో బ్యాటరీ ఉందా?
- ఈ మధ్య కొత్త మందు మొదలైందా, పాతదాని డోసు మారిందా?

మార్పు కొన్ని గంటల్లో లేదా ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా వస్తే అది తైలంతో సర్దే విషయం కాదు. వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

ఇది అనుభవంతో చెబుతున్న మాట. ఒకసారి అమ్మ వరసగా మూడు సాయంత్రాలు మంచం అంచు పట్టుకుని లాగుతూ, లేస్తూ, కూర్చుంటూ ఉంది. నేను మూడు రోజులూ లావెండర్ పెట్టి, తగ్గుతుందిలే అని ఎదురుచూశాను. నాలుగో రోజు పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. ఆ మూడు రోజులూ ఆమె నొప్పితో ఉంది, నేనేమో వాసన పెడుతూ కూర్చున్నాను. ఈ జాబితాను మొదట పెట్టింది అందుకే.

## 2. డాక్టర్‌ను అడగవలసినవి

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా, అడగకుండా మొదలుపెట్టొద్దు:

- మూర్ఛ, లేదా గతంలో ఫిట్స్ వచ్చిన చరిత్ర
- ఆస్తమా, సీఓపీడీ, ఇతర ఊపిరితిత్తుల జబ్బులు
- రక్తం పలచబడే మందులు
- నిద్రమాత్రలు, మత్తు కలిగించే మందులు
- చర్మానికి అలర్జీ, తామర, మానని పుండ్లు
- ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోవడం. ఆక్సిజన్ ఉన్నచోట నూనెలు, మంట రెండూ ప్రమాదమే.

## 3. ఏ తైలం కొనాలి, ఏది వద్దు

ఇంట్లో వాడుకకు రెండు తైలాలు చాలు. ఒకటి లావెండర్, రెండోది స్వీట్ ఆరెంజ్. మెలిస్సా మీద పరిశోధన జరిగినా దాని ధర చాలా ఎక్కువ, కల్తీ కూడా ఎక్కువే. మొదటి ప్రయత్నానికి అది అక్కర్లేదు.

లేబుల్ మీద మొక్క శాస్త్రీయ నామం ఉండాలి. లావెండర్‌కి "లావెండ్యులా అంగస్టిఫోలియా" అని ఉందో లేదో చూడండి. "లావెండ్యులా లాటిఫోలియా" అని ఉంటే అది వేరే రకం. అందులో కర్పూరం శాతం ఎక్కువ. "ఫ్రేగ్రెన్స్ ఆయిల్" అని రాసి ఉంటే అది కృత్రిమ సువాసన, దాన్ని ఒంటికి రాయొద్దు. సీసా ముదురు రంగు గాజుదై ఉండాలి, మూత దగ్గర చుక్కలు లెక్కగా పడే బిరడా ఉండాలి.

పక్కన పెట్టవలసినవి:

- కర్పూరం, నీలగిరి తైలం, రోజ్‌మేరీ, సేజ్: మూర్ఛ ఉన్నవారికి వాడకూడదు.
- వింటర్‌గ్రీన్: ఇందులో ఆస్పిరిన్ జాతి పదార్థం ఉంటుంది. రక్తం పలచబడే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.
- లవంగం, దాల్చినచెక్క తైలాలు: ముసలివారి పలచని చర్మాన్ని మండిస్తాయి.
- బెర్గమాట్, నిమ్మ తైలాలు ఒంటికి రాసి ఎండలో కూర్చోబెడితే చర్మం కాలినట్టవుతుంది. కనీసం 12 గంటలు ఎండ తగలకూడదు.

ఇక ఏ తైలానికి ఏ గుణం అని రాసే పట్టికలను నేను పెద్దగా పట్టించుకోను. మీ మనిషికి ఏ వాసన నచ్చుతుందన్నదే అసలు విషయం. లావెండర్ అందరికీ ప్రశాంతంగా ఉండదు. కొందరికి అది ఫినాయిలునో, ఆసుపత్రి గదినో గుర్తు చేస్తుంది.

## 4. వారి ముక్కు ఎంత పనిచేస్తోందో తెలుసుకోండి

ఈ మెట్టును దాదాపు అందరూ వదిలేస్తారు. అల్జీమర్స్‌లో, పార్కిన్సన్స్‌తో వచ్చే డిమెన్షియాలో వాసన పట్టే శక్తి చాలా ముందుగానే దెబ్బతింటుంది. మీకు గదంతా ఘుమఘుమలాడుతున్నా వారికి ఏమీ తెలియకపోవచ్చు.

"ఇది ఏం వాసన, చెప్పు చూద్దాం" అని అడగొద్దు. వారికి అది పరీక్షలా ఉంటుంది, పేరు గుర్తురాక చిన్నబుచ్చుకుంటారు. ఇలా చేయండి:

1. మూడు టిష్యూ కాగితాలు తీసుకోండి. ఒకదాని మీద లావెండర్ ఒక చుక్క, ఒకదాని మీద ఆరెంజ్ ఒక చుక్క, మూడోది ఖాళీగా ఉంచండి.
2. ముక్కుకు ఒక జానెడు దూరంలో పట్టుకోండి. ముక్కుకు ఆనించొద్దు.
3. ఒక్కోదానికి మధ్య రెండు నిమిషాలు ఆగండి.
4. ముఖం చూడండి. కనుబొమలు లేచాయా, కాగితం వైపు వంగారా, తల తిప్పుకున్నారా, ఏ మార్పూ లేదా?

తల తిప్పుకుంటే అది "వద్దు" అని చెప్పడమే. ఆ తైలం అంతటితో వదిలేయండి. మూడింటికీ ఒకేలా ఉంటే ముక్కు పనిచేయడం లేదనుకోవచ్చు. అప్పుడు చుక్కలు పెంచితే లాభం లేదు. తైలం లేకుండా మామూలు నూనెతో చేతి మర్దన చేయండి. పోయేదేమీ లేదు.

## 5. ముందు ఒక వారం రాసిపెట్టండి

ఏ తైలమూ వాడకుండా, ఏడు రోజులు ఒక నోట్‌బుక్‌లో రాయండి: గాభరా ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు ఉంది, 0 నుంచి 5 వరకు ఎంత తీవ్రంగా ఉంది, అంతకుముందు ఏం జరిగింది. ఈ వారం లేకపోతే తర్వాత వచ్చిన మార్పు తైలం వల్లో కాదో ఎప్పటికీ తెలియదు.

## 6. చుక్కల లెక్క

తైలాన్ని నేరుగా చర్మానికి ఎప్పుడూ రాయకూడదు. మామూలు నూనెలో కలపాలి. పొద్దుతిరుగుడు నూనె మంచిది, దానికి సొంత వాసన పెద్దగా ఉండదు. నువ్వుల నూనె కూడా వాడొచ్చు గానీ దాని వాసన తైలాన్ని మింగేస్తుంది. గింజలు, పప్పుల అలర్జీ ఉంటే బాదం నూనె వాడొద్దు.

సుమారు 20 చుక్కలు 1 మిల్లీలీటరు. వయసు మళ్లినవారికి 1 శాతం దాటొద్దు:

- 5 మి.లీ. నూనెకు (ఒక టీస్పూను) 1 చుక్క
- 10 మి.లీ. నూనెకు 2 చుక్కలు
- 30 మి.లీ. నూనెకు 6 చుక్కలు
- చర్మం మరీ పలచగా ఉంటే 30 మి.లీ. నూనెకు 3 చుక్కలు

రెండు తైలాలు కలిపితే ఈ లెక్క రెండింటికీ కలిపి. ఒక్కోదానికి విడిగా కాదు.

## 7. ప్యాచ్ టెస్ట్

కలిపిన నూనె ఒక చుక్క మోచేతి మడత లోపలి వైపు రాయండి. 24 నుంచి 48 గంటలు ఆగండి. ఎర్రబడినా, దద్దురు లేచినా, గోక్కుంటున్నా కడిగేసి ఆ తైలం మానేయండి. దురద పెడుతోందని వారు చెప్పలేకపోవచ్చు. అందుకే చర్మాన్ని మీరే పొద్దునా సాయంత్రం చూడాలి.

## 8. చేతి మర్దన, ఒక్కో అడుగు

ఈ పద్ధతి మొత్తంలో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. రెండు చేతులకూ కలిపి పది నిమిషాలు చాలు.

ముందు సిద్ధం చేసుకోవలసినవి:

- టీవీ, ఫోన్ మోత ఆపేయాలి.
- మీ ఉంగరాలు తీసేయాలి, గోళ్లు కత్తిరించి ఉండాలి.
- ఒక తువ్వాలు, ఒక టీస్పూను కలిపిన నూనె.
- మీ చేతులు వెచ్చగా ఉండాలి. చల్లని చేయి తగిలితే ఉలిక్కిపడతారు.
- వారి చేతి మీద గాయం, వాపు, ఎరుపు, సూది గుచ్చిన చోటు లేవని చూసుకోవాలి.

ఇక వరస ఇది:

1. వెనక నుంచి రావద్దు. ఎదురుగా వచ్చి, వారి కళ్ల ఎత్తులో ఉండేలా కూర్చోండి.
2. ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే పిలవండి. "అమ్మా, చేతికి నూనె రాస్తాను" అని ఒక్క చిన్న వాక్యం చెప్పి, నూనె చూపించండి.
3. మీ అరచేయి పైకి చాపి ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. వారి చేయి మీ చేతిలోకి రావాలి. మీరు లాక్కోవద్దు. రాకపోతే అరగంట తర్వాత మళ్లీ అడగండి.
4. ఒళ్లో తువ్వాలు పరిచి, దాని మీద వారి చేయి ఆనించండి.
5. అర టీస్పూను నూనె మీ అరచేతుల్లో రుద్దుకోండి. వాసన వారికి అందేలా కాసేపు ఉండండి.
6. మీ ఒక చేయి వారి చేతి కింద ఎప్పుడూ ఉండాలి. మధ్యలో వదిలితే ఆ నెమ్మది తెగిపోతుంది.
7. వేళ్ల నుంచి మోచేతి వైపు కాస్త ఒత్తుతూ, తిరిగి వచ్చేటప్పుడు తేలిగ్గా రాయండి. మీ ఊపిరి వేగంతోనే చేయి కదలాలి. తొందర వద్దు.
8. తర్వాత ఒక్కో వేలు, మొదలు నుంచి కొస దాకా. అరచేతి మధ్య మీ బొటనవేలితో చిన్న చిన్న చుట్లు.
9. రెండో చేయి.
10. మిగిలిన నూనె తువ్వాలుతో తుడిచేయండి. లేకపోతే ఆ చేత్తోనే కళ్లు నలుపుకుంటారు, లేదా నడిచే కర్ర జారుతుంది. "అయిపోయింది" అని చెప్పండి.

పిడికిలి బిగించి ఉంటే విడదీయొద్దు. అమ్మ ఎడమ చేయి ఎప్పుడూ బిగుసుకునే ఉండేది. మొదటి వారం వేళ్లు తెరవబోతే చేయి విదిలించి కొట్టింది. తర్వాత పిడికిలి మీదే రాయడం మొదలుపెట్టాను, మణికట్టు నుంచి కణుపుల దాకా, మళ్లీ వెనక్కి. నాలుగైదు నిమిషాలకు ముందు బొటనవేలు వదులయ్యేది, ఆపైన చూపుడు వేలు. అరచేతిలో గోళ్లు దిగిన ఎర్రటి గుర్తులు అప్పుడు కనిపించేవి. చిటికెన వేలు మాత్రం చివరిదాకా మడిచే ఉండేది. దాన్ని అలాగే ఉంచి, ఆ వేలి మీదుగా రాసేదాన్ని.

పాదాలకు రాస్తే వారు పడుకున్న తర్వాతే రాయండి, మేజోళ్లు వేసే ముందు బాగా తుడవండి. నూనె పాదంతో లేచి నిలబడితే పడిపోతారు. పిక్కలో నొప్పి, వాపు ఉంటే అక్కడ అసలు రుద్దకుండా డాక్టర్‌కి చూపించండి, రక్తం గడ్డ ఉండే అవకాశం ఉంది.

## 9. గదిలో వాసన పెట్టేటప్పుడు

టిష్యూ మీద ఒక చుక్క వేసి రెండు అడుగుల దూరంలో పెట్టడం అన్నిటికంటే తేలిక. వద్దనుకుంటే తీసేయొచ్చు. ఊరికే పక్కన వదిలేస్తే కొందరు నోట్లో పెట్టుకుంటారు, కాబట్టి మీరు ఉన్నంతసేపే ఉంచండి.

డిఫ్యూజర్ (తైలం వాసనను గాలిలోకి వదిలే చిన్న యంత్రం) అయితే:

- నీళ్లలో 2 లేదా 3 చుక్కలు
- 15 నుంచి 30 నిమిషాలు, ఆ తర్వాత ఆపేయాలి
- గది తలుపు గానీ కిటికీ గానీ కొంచెం తెరిచి ఉండాలి
- రంగులు మారే లైటు ఆపేయాలి. గోడ మీద కదిలే వెలుగు వారిని భయపెడుతుంది.
- నీళ్లు రోజూ మార్చాలి, వారానికోసారి కడిగి ఆరబెట్టాలి
- ఇంట్లో పిల్లి, పక్షులు ఉంటే ఆ గదిలోకి రానివ్వొద్దు

కొవ్వొత్తి వెలిగించి నూనె వేడిచేసే గిన్నెలు వద్దే వద్దు. మనం వంటింట్లోకి వెళ్లొచ్చే రెండు నిమిషాలు చాలు, చేయి కాలడానికో, కర్టెన్ అంటుకోవడానికో.

స్నానం నీళ్లలో తైలం చుక్కలు వేయమని కొందరు చెబుతారు. నేను వద్దంటాను. తైలం నీళ్లలో కలవదు, పైన తేలుతూ చర్మానికి చిక్కగా అంటుకుని మండుతుంది. మామూలు నూనెలో కలిపి వేస్తే టబ్బు, నేల జారుతాయి.

## 10. ఎప్పుడు, ఎంత

గాభరా మొదలయ్యాక పెట్టడం కంటే అంతకు అరగంట, ముప్పావుగంట ముందు పెట్టడం మేలు. మొదటి వారం రాసిన నోట్‌బుక్ ఇక్కడ పనికొస్తుంది. అయిదున్నరకు మొదలవుతుందని తెలిస్తే అయిదు గంటలకల్లా కూర్చోండి.

రోజూ అదే వేళ, అదే కుర్చీ, అదే వాసన. 2009లో వచ్చిన ఒక చిన్న జపాన్ అధ్యయనంలో పొద్దున రోజ్‌మేరీ, నిమ్మ, రాత్రి లావెండర్, ఆరెంజ్ అని విడదీసి 28 రోజులు వాడారు. పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు కాబట్టి ఫలితాన్ని నేను అంతగా లెక్కలోకి తీసుకోను. ఒక వాసన ఒక వేళకే అన్న ఏర్పాటు మాత్రం నాకు నచ్చింది. సాయంత్రం వాడే వాసనను పొద్దున వాడకండి, అప్పుడే అది సాయంత్రానికి గుర్తుగా నిలుస్తుంది.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుకునే దారి

వాసన తెలియడం లేదని ఇంకో నాలుగు చుక్కలు వేయడం. పది నిమిషాలు గదిలో ఉంటే మన ముక్కు అలవాటుపడి వాసన పట్టదు. బయటికి వెళ్లి రెండు నిమిషాలు ఉండి తిరిగి రండి, ఎంత ఘాటుగా ఉందో తెలుస్తుంది. నేను ఇలా పెంచుకుంటూ పోయిన రోజు అమ్మ తల పట్టుకుని కూర్చుంది.

ఒకేసారి కొత్త మందు, కొత్త తైలం మొదలుపెట్టడం. ఏది పనిచేసిందో, ఏది చెరుపు చేసిందో తెలియదు. కనీసం రెండు వారాల తేడా ఉంచండి.

వాసన మీద అనుమానం. "ఏదో మందు కలిపారు, విషం పెడుతున్నారు" అని కొందరు భయపడతారు. వాదించొద్దు. తైలం తీసేసి, కిటికీ తెరిచి, చేయి పట్టుకుని కూర్చోండి. తర్వాత వాసన లేని నూనెకు మారండి.

మగతగా ఉండటం. నిద్రమాత్ర వేసుకునేవారిలో సాయంత్రం వాసన, మర్దన తర్వాత కునికిపాట్లు ఎక్కువైతే, రాత్రి లేచి నడిచేటప్పుడు పడే ప్రమాదం పెరుగుతుంది. మంచం పక్కన లైటు వేసి ఉంచండి, విషయం డాక్టర్‌కి చెప్పండి.

నూనె తువ్వాళ్లు డ్రైయర్‌లో వేయడం. నూనె పూర్తిగా వదలని బట్ట వేడికి తనంతట తానే అంటుకోగలదు. వేడినీళ్లు, సబ్బుతో ఉతికి తీగ మీద ఆరేయండి.

## 12. దాచడం, ప్రమాదం జరిగితే

తైలం సీసా దగ్గు మందు సీసాలాగే ఉంటుంది. డిమెన్షియా ఉన్నవారు తాగేసే ప్రమాదం నిజంగా ఉంది. తాళం వేసిన అలమరలో, చల్లని చీకటి చోట పెట్టండి. తెరిచిన తేదీ సీసా మీద రాయండి. ఆరెంజ్ లాంటివి ఏడాదిలో, లావెండర్ రెండు మూడేళ్లలో పారేయాలి. పాతబడిన తైలమే చర్మానికి ఎక్కువ అలర్జీ తెస్తుంది.

- మింగితే: వాంతి చేయించొద్దు. వాంతి అయ్యేటప్పుడు తైలం ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.
- కంట్లో పడితే: ధారగా వచ్చే మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి, డాక్టర్‌కి చూపించండి.
- చర్మం మండితే: సబ్బు, నీళ్లతో కడగండి.
- దగ్గు, పిల్లికూతలు, ఆయాసం వస్తే: వాసన ఆపి బయటి గాలిలోకి తీసుకెళ్లండి. తగ్గకపోతే అత్యవసర సాయం పిలవండి.

## 13. కొనసాగించాలా, ఆపాలా

మొదటి వారం ఏమీ లేకుండా గడిచింది. రెండో వారం వాసన లేని మామూలు నూనెతో చేతి మర్దన చేయండి. మూడు, నాలుగు వారాలు తైలం కలిపిన నూనెతో చేయండి. రోజూ మర్దనకు ముందు, అరగంట తర్వాత 0 నుంచి 5 వరకు అంకె వేయండి.

రెండో వారంలోనే అంకెలు తగ్గి, మూడు, నాలుగు వారాల్లో అలాగే ఉంటే తైలం ఖర్చు మీకు అనవసరం. మామూలు నూనెతో కొనసాగించండి. తైలం కలిపాక ఇంకా తగ్గితే ఉంచుకోండి, కానీ రెండు నెలలకోసారి టిష్యూ పరీక్ష మళ్లీ చేయండి. ముక్కు శక్తి తగ్గుతూ పోతుంది, నిన్న నచ్చింది రేపు నచ్చకపోవచ్చు. నాలుగో వారం చివరికీ అంకెల్లో మార్పు లేకపోతే తైలాన్ని ఆపేసి, నోట్‌బుక్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నెల రోజుల గంటలు, అంకెలు అందులో ఉంటాయి కాబట్టి, నొప్పి గురించో మందుల గురించో ఏం అడగాలన్నది ఆయనకు అక్కడే దొరుకుతుంది.